రమణి తప్పిన స్వరం

యుద్ధం నడుమ ఎవరైనా సంగీతం నేర్చుకుంటారా, చెప్పండి? కువైట్‌లో ఇరాక్ సైనికులు ఇల్లిల్లూ గాలిస్తున్నారు. మేం మామా అని పిలిచే యజమానురాలు సౌదీ వెళ్లిపోయిందని అందరికీ చెప్పి, పనిమనిషి రమణి ఆమె పియానో మీద హంగేరీ స్కేలనే స్వరాల వరస సాధన చేస్తోంది.

ఆ ఇంటి డ్రైవరుని నేను. చేతిలోని భగవద్గీత ఎత్తిపట్టి గద్దించాను. "ఆపమ్మా! ఇదా సమయం?"

"కృష్ణుడు పాఠం చెప్పింది యుద్ధంలోనే గదా సామీ!"

అంతలో ఒక సైనికుడు లోపలికొచ్చి, విని మొహం చిట్లించాడు. "గలత్! నాలుగో స్వరం ఇంకా పైన. యల్లా, మళ్లీ!"

తుపాకి పక్కన పెట్టి నేర్పాడు. ఆమె ప్రతిసారీ అక్కడే తప్పింది. బయట లారీ హారన్ మోగగానే, ఇల్లు వెతకకుండానే పరుగెత్తాడు.

రమణి స్కేలంతా తప్పులేకుండా వాయించి, స్టోరుగది తలుపు తట్టింది. "పోయినాడు మామా, బయటికి రా."

సోదరులారా, మామా నేర్పుతానన్న రోజు రమణి రేపు చూద్దామనుంటే? లేవండి, మీ పాఠం ఈరోజే మొదలుపెట్టండి!