సన్నబడే చీటీ

"నువ్వా? నీకా అంత్యోదయ కార్డు?"

రేషను కార్డులిచ్చే ఆఫీసరు దామోదరం కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు. అయినా గురవమ్మ ఏమీ తగ్గలేదు. బడి వరండాలో రెండు స్తంభాల మధ్య నిండుగా నిలబడే ఉంది.

"నాకే సారూ. మరమగ్గాలకు కండెలు సుట్టేదాన్ని. మగ్గాలు ఆగిపోయి మూడు నెల్లయింది. మొగుడు లేడు, ఇద్దరు బిడ్డలు."

"ఈ కార్డు కూటికి లేనోళ్లకమ్మా! నెలకు ముప్పై అయిదు కిలోల బియ్యం. నిన్ను చూస్తే ఆ బియ్యం మూటే నయం, కాస్త సన్నగా ఉంటుంది."

వరసలో ఉన్నవాళ్లు కిసుక్కున నవ్వారు. గురవమ్మకు ఒళ్లు మండింది. కానీ ఇంట్లో గిన్నెలు బోర్లించి వచ్చిన మనిషి, కోపాన్ని మింగేసింది. పొద్దున్నుంచి ఆమెకు మింగడానికి దొరికింది అదొక్కటే.

మిగిలింది ఒక్క కార్డు. దామోదరం చూపు ఆమె వెనక నిలబడ్డ మనిషి మీద పడింది. ఒంటి మీద చొక్కా లేదు, భుజాన తువ్వాలు. పక్కటెముకలు ఎంచి చెప్పొచ్చు.

"పేదరికమంటే ఇదమ్మా, చూడు! నీ పేరేంది పెద్దాయనా?"

"జయచంద్ర సార్."

"రాత్రి అన్నం తిన్నావా?"

"యాడ సార్! అన్నం ముట్టి రెండేండ్లయింది."

దామోదరం కళ్లు చెమర్చాయి. ముక్కు చీదుకుని, జాబితాలో జయచంద్ర పేరు రాసేశాడు.

"ఒళ్లుంటే ఆకలుండదా సారూ?" గురవమ్మ బల్ల దగ్గరికి జరిగింది. "బిడ్డలకేం పెట్టల్ల నేను?"

"అయితే ఒక పని చెయ్. పక్క గదిలో వైద్య శిబిరానికొచ్చిన డాక్టరమ్మ ఉంది. తిండి లేకే ఈ ఒళ్లు వచ్చిందని రాయించుకురా. ఈ పేరు కొట్టేసి నీ పేరు రాస్తా!" జరగని పని అని ధీమా ఆయనకు.

డాక్టర్ రేవతి గురవమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసింది. "రక్తమే లేదు కదమ్మా! ఏం తింటావు?"

"పొద్దున సద్ది. మద్యాన్నం అన్నంలోకి చింతపులుసు. రేత్రి బిడ్డలు తిన్నాక మిగిలితే అన్నం, మిగలకుంటే బన్నూ టీ."

"గుడ్లు, పాలు, పండ్లు?"

"ఎవురింట్లో తల్లీ?"

"నీ వాపు చూసి అందరూ బలుపనుకుంటున్నారమ్మా. ఒట్టి అన్నంతో ఊరిన ఒళ్లు ఇది."

"ఆ మాటే రాసియ్ తల్లీ, నీకు పున్నెముంటాది!"

డాక్టరమ్మ గబగబా రాసిచ్చింది. అక్షరమ్ముక్క రాని గురవమ్మ, అడిగిందే రాసిందనుకుని, రొప్పుకుంటూ వచ్చి చీటీ బల్ల మీద పెట్టింది.

దామోదరం పైకే చదివాడు. "రోజూ రెండు గుడ్లు, గ్లాసు పాలు, పండ్లు, ఆకుకూరలు. వారానికి రెండుసార్లు చేపలు. అన్నం మానేయాలి. ఏడాదిలో సన్నబడుతుంది." పగలబడి నవ్వాడు. "తిండి లేదని రాయించుకు రమ్మంటే తిండి పట్టీ తెచ్చావే! సరే, ఇవన్నీ తిని సన్నబడి రా. అప్పుడిస్తా కార్డు."

గురవమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అంతలో వెనక నుంచి జయచంద్ర మెడ సాచి చీటీలోకి తొంగిచూశాడు.

"ఇదేందబ్బా! నా చీటీ ఈమెకెట్లొచ్చింది?"

"నీ చీటీనా?"

"మక్కీకి మక్కీ ఇదే సార్! మద్రాసు పెద్ద డాక్టరు దగ్గరికి పోయి రాయించుకొచ్చినాను. రెండేండ్లుగా ఇదే తింటా ఉండా, ఒక్క పూట తప్పితే మా యింట్లోది ఊరుకోదు. అప్పుడు నేనూ ఈమె మాదిరే ఉండినా. ఇప్పుడు సూడండి!" అంటూ గర్వంగా పక్కటెముకల మీద చరుచుకున్నాడు.

దామోదరం కళ్లజోడు సవరించుకున్నాడు. "గుడ్లు, పాలు, చేపలు... రోజూ ఇవన్నీ నీకు యాడి నుంచి వస్తాయయ్యా?"

"పుత్తూరు దోవలో రెండు మామిడితోటలుండాయి గదా సార్..." అనేసి జయచంద్ర నాలిక్కరుచుకున్నాడు.

గురవమ్మ ముక్కు తుడుచుకుని, చీటీని మడిచి బొడ్లో దోపుకుంది.

"ఇప్పుడు తెలిసింది సారూ. బీదదాని మాదిరి కనపడల్లంటే రెండు మామిడితోటలుండల్ల. కార్డు ఆయప్పకే ఇయ్యండి, తోటలు నా పేరన రాయమనండి!"