దొర దొరికాడు

అమెరికా యానిమేటర్ అని చర్చి పాస్టరు హెన్రీ అయ్యగారు అనగానే శీనమ్మకు పొదుపు సంఘం యానిమేటర్ గుర్తొచ్చింది.

"మన డ్వాక్రా లెక్కలు రాసేదానికి అమెరికావోడెందుకు అయ్యగారూ?"

"సంఘం కాదు శీనమ్మా. కార్టూన్ సినిమాలకు బొమ్మలేసేవోడు. మన హోబర్ట్ దొర. పాత బంగళా కూలుస్తుంటే అటక మీద ఆయన పెట్టె బయటపడింది."

శీనమ్మ నవ్వు ఆగిపోయింది.

అమెరికాలో మూకీ కాలంలో కాగితం మీద కుక్కను నడిపించి, కోతిని ఎగిరించి బతికాడు హోబర్ట్. సినిమాకు మాటొచ్చింది, ఆయన మాట చెల్లకుండా పోయింది. ఉదయగిరిలో మిషన్ డాక్టరమ్మగా ఉన్న అక్క పంచన చేరి, ఇక్కడే పోయాడు.

శీనమ్మ తల్లికి అక్క, ఆరేళ్ళ వరదమ్మ, ఆ బంగళా బావిలోనే చచ్చిపోయింది. అప్పుడు అక్కడున్నది దొర ఒక్కడే. తోసింది ఆయనేనని ఇంటిల్లిపాదీ నమ్మకం. దొరను నిలదీసే రోజులా అవి? పైగా చర్చి వెనక ఇద్దరి సమాధులూ పక్కపక్కనే. శీనమ్మ తల్లి పోయే ముందు ఒకటే అడిగింది: "మా అక్క పక్కన ఆ రాయి ఉండకూడదే."

పెట్టెలో బొమ్మల కట్ట ఉంది. మూలల్లోని అంకెల్ని చెదలు తినేశాయి. అయ్యగారు పైనుంచి ఒక్కో కాగితం తీస్తుంటే శీనమ్మ రెప్ప వేయలేదు.

బావి గట్టు మీద పిల్ల. తడి పరికిణీ, తెరిచిన కళ్ళు. చంకల కింద దొర చేతులు. తర్వాత కళ్ళు మూతపడ్డాయి. పిల్ల గట్టు దాటింది. కాళ్ళు నీళ్ళలోకి. నడుము. మెడ. చివరి కాగితంలో ఒట్టి నీళ్ళు.

"చంపింది చాలక బొమ్మలేసి దాచుకున్నాడే," అంది శీనమ్మ. "ఇంకేం సాక్ష్యం కావాల? గడ్డపార తెప్పించండి."

అయ్యగారు అడ్డు చెప్పలేదు. ఇన్నాళ్ళకు దొర దొరికాడు. మొదటి పోటు శీనమ్మే వేసింది. రాయి రెండు ముక్కలైంది. పేరు ఒక ముక్కలో, సిలువ ఒక ముక్కలో.

సాయంత్రం ఆత్మకూరు బస్సులో మనవరాలు నవ్యశ్రీ దిగింది. ఇంట్లోనే కూర్చుని హైదరాబాదు కంపెనీకి కార్టూన్ బొమ్మలు వేస్తుంది ఆ పిల్ల. జనం మూగారు.

"చూడమ్మే, మా పెద్దమ్మను ఎట్ట ముంచినాడో."

నవ్యశ్రీ కట్టను సర్ది పట్టుకుంది. అడుగున బొటనవేలు పెట్టి, కాగితాల్ని కిందినుంచి పైకి చకచకా వదిలింది. మళ్ళీ వదిలింది. విరిగిన రాయి వైపు చూసింది.

"అవ్వా, మా పనిలో మొదటి బొమ్మ అడుగున పెడతాం. దొర మీ పెద్దమ్మను బావిలోంచి పైకి తీసి, బొమ్మల్లోనైనా కళ్ళు తెరిపించినాడు."