ఎన్నికల ఉయ్యాలో

సరిగ్గా వర్ష ఇంటి ముందే ఆటో ఆపించి, మైకు గొంతు ఇంకాస్త పెంచమన్నాడు మహిపాల్.

"ఆడోళ్ల వార్డమ్మ ఉయ్యాలో, ఆడిబిడ్డకే ఓటు ఉయ్యాలో!
అటుగాని ఇటుగాని ఉయ్యాలో, వర్షకెందుకు సీటు ఉయ్యాలో!"

కోరుట్లలో ఆ వార్డును మహిళలకు కేటాయించారు. మహిపాల్ భార్య ప్రవీణ ఒక అభ్యర్థి. ట్రాన్స్‌జెండర్ అయిన వర్ష మరొకరు. వర్ష కోపంతో బయటికి వచ్చి, చప్పట్లు చరిచి, నాలుగు శాపనార్థాలు పెడితే చాలు. సాయంత్రానికి ఆ వీడియో ప్రతి ఫోనులోనూ ఉంటుంది. ఓట్లు వాటంతటవే రాలతాయి. మహిపాల్ ఫోను కెమెరా తెరిచి, మాటు వేసిన వేటగాడిలా నిలబడ్డాడు.

బీడీలు చుడుతున్న ఆడవాళ్లు చాటలు పక్కన పెట్టి గడపల్లోకి వచ్చారు. ఒకరిద్దరు ముసిముసిగా నవ్వారు.

"పాట మంచిగనే ఉన్నది గని మహిపాలూ, అండ్ల మా మోరీ ముచ్చట లేదేంది?" అని అడిగింది దేవవ్వ, తన గడప ముందు పొంగుతున్న మురుగుకాలువను చూపిస్తూ.

"గది తర్వాత సూద్దాం అవ్వా."

"తర్వాతంటె మళ్ల ఎలచ్చన్లకా? సాఫ్ జేపిచ్చేది ఆడిదా మొగోడా అని నా మోరీ అడుగుతలేదు కొడుకా!"

నవ్వు ఈసారి మహిపాల్ మీదికి మళ్లింది.

అంతలో తలుపు తెరుచుకుంది. వర్ష చప్పట్లు చరచలేదు, శపించలేదు. పాట ముగిసేదాకా తలుపు పట్టుకుని నిలబడింది.

"అన్నా, ఇంకొకపారి పెట్టవా?"

మహిపాల్ తెల్లబోయాడు. వెక్కిరిస్తున్నదనుకుని పంతానికి మళ్లీ పెట్టించాడు. ఆమె గడపలోనే చతికిలబడి కళ్లు మూసుకుంది. 'ఉయ్యాలో' అన్నచోటల్లా ఆమె పెదవులు కదులుతున్నాయి.

నవ్విన ముఖాలు వాడిపోయాయి. దేవవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మహిపాల్ చేతిలోని ఫోను మెల్లగా కిందికి దిగింది. తాను పక్కన కూర్చుని రాయించిన మాటలే. రాయించకుండా ఉండవలసిందని ఇప్పుడే తొలిసారి తోచింది.

"ఎవలు పాడిండ్రన్నా గిది?"

"సిరిసిల్లల ఒక పెద్దమ్మ. బతుకమ్మ పాటలల్ల ఆమెను మించినోళ్లు లేరట." అతని గొంతులో సంజాయిషీ చేరింది. "ఆమె మీద కోపం పెట్టుకోకు. మేం రాసిచ్చింది పాడింది, గంతే. 'గీ వర్ష ఎవలు కొడుకా, పాపం, ఆమెనెందుకు గిట్ల తిట్టుడు' అని నన్నే అడిగింది. నువ్వెవలో ఆమెకు తెల్వది."

వర్ష కళ్లు తుడుచుకుంది.

"ఎట్ల తెలుస్తదన్నా? మా అమ్మ నాకు పెట్టిన పేరు జీవన్."