మావయ్య అతికిన ముక్క

“అత్తమ్మా, నా డబ్బా ఏది?”

షైని కేకకి సుజాతమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది. పెళ్లయి నెల తిరగని కోడలు. మధ్యాహ్నం పరీక్షాధికారి ముందు తన పరిశోధన వినిపించాలి. చూస్తే బీరువా మీద పెట్టిన బిస్కెట్ డబ్బా మాయం!

“నిన్న అంత మురిసిపోయి సూపించినావే, ఆ ఇనప ముక్కలా? మీ మావయ్య ఒట్టుకెల్లినారమ్మా.”

అవును, మురిసిపోయే చూపించింది. అణు రియాక్టర్‌ని కడుపులో పెట్టుకుని కాచే ఉక్కుపాత్ర, ఏళ్ల తరబడి వేడికీ న్యూట్రాన్ల దెబ్బలకీ ఎలా పెళుసెక్కుతుందో అత్తగారికి పూసగుచ్చినట్టు చెప్పింది. డబ్బాలో ఉన్నవి రియాక్టర్ మొహం చూడని ముక్కలే. వేలెడంత కడ్డీలు రెండు. ఒకటి కొత్తది. రెండోదాన్ని కాలేజీ కొలిమిలో నెలల తరబడి కాచి ముసలితనం తెప్పించింది. రెండింటినీ తనే విరగ్గొట్టింది. కొత్తది సాగి సాగి తెగింది, తెగినచోట బూడిదరంగు పీచు. ముసలిది పుటుక్కుమంది, అక్కడ పటికబెల్లం తళుకు. ఒక్కో కడ్డీలో ఒక సగం ఉన్నా చాలు, కానీ రెండు రకాలూ ఉండి తీరాలి. ఆ పోలికే ఆమె పరిశోధన.

ఈ కబుర్లప్పుడు మామగారు చర్చిలో ఉన్నారు. అదీ తంటా.

గేటు దగ్గర సైకిల్ బెల్లు మోగింది. రైల్వే వర్క్‌షాప్‌లో వెల్డర్‌గా రిటైరైన ఆమోసు, పెళ్లికొడుకులా నవ్వుతూ దిగాడు.

“సూడమ్మా! జాకబ్ వెల్డింగ్ కొట్టుకాడ నా సేత్తోనే అతికినాను. అంచులు ఒకదానికొకటి కూడనేదు. ఒదుల్తానా? అరగదీసి మరీ అతికినాను. అతుకు ఎక్కడుందో సెప్పు!”

అతని చేతిలో నున్నటి కడ్డీ. విరుపు జాడే లేదు.

“నాన్నా!” ఎరిక్ తల పట్టుకున్నాడు. “ఇరగ్గొట్టడమే షైని పని! ఆ ఇరుపు సూసే డాక్టరేట్ ఇస్తారు!”

ఆమోసు నవ్వు ఆరిపోయింది. “కాలేజీ సామాను పొరపాట్న ఇరగ్గొట్టీసినాదేమో అనుకున్నాన్రా. ఆమోసు కోడలు ఇరిగిన ముక్కలు ఒప్పజెప్పిందంటే నాకేటి పరువు?”

షైని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లతోనే కడ్డీని తడిమింది. వేలికి అతుకు తగిలితే ఒట్టు. ఏడుపు మధ్యలోనే గర్వం పొంగింది. మా మావయ్య చెయ్యి!

“మిగతా రెండు ముక్కలూ ఏవి మావయ్యా?”

“జాకబ్‌కిచ్చినాను. అవీ అతికీమన్నాను. ఈపాటికి...”

ఎరిక్ మోటార్ సైకిల్ తాల్‌బగీచా సందులు దాటి ప్రేమ్ బజార్లోని జాకబ్ కొట్టు వైపు ఉరికింది. వెనకాల షైని ఎన్ని రకాలుగా ఆలోచించినా ఒకటే తేలింది. మావయ్య ఒక కడ్డీని అతికేశారు. అది కొత్తదైనా, ముసలిదైనా, పోలిక పోయినట్టే. జాకబ్‌ని ఆపినా మిగిలేది సగం పరిశోధన.

“ఏటి సెప్తావు ఆ పరీక్షాధికారికి?” అన్నాడు ఎరిక్.

“నిజమే చెప్తాను. మా మావయ్య అతికారని. కావాలంటే అతుకు కనిపెట్టమంటాను,” అని మొగుడి వీపుకి తల ఆనించి ముక్కు ఎగబీల్చింది.

కొట్టులో నిప్పురవ్వలు లేవు. జాకబ్ వెల్డింగ్ తొడుగు నుదుటి మీదికి నెట్టుకుని, రెండు చేతుల్లో రెండు ముక్కలూ పట్టుకుని విసుక్కుంటున్నాడు.

“ఏటమ్మా మీ మావ! పొద్దున్న కల్లజోడు మర్సిపోయొచ్చి ఏది దేనికి అతికినాడో గానీ, ఇవెలా అతకమంటాడు? ఒకటి బూడిదలాగుంది, ఒకటి తలతలా మెరుస్తంది. ఇవి రెండూ ఒక కడ్డీవి కానే కావు!”