ముందు ఏం చూద్దాం?

లిఫ్టు గుమ్మం దగ్గర చిట్టి మొరాయించింది.

"నేను రాను. పెట్టెలా ఉంది," అంటూ అమ్మ నడుముని చుట్టేసుకుంది.

"ఊరు మొత్తానికీ ఎత్తయిన టవర్ ఇది. ఇంత దూరం వచ్చి కిందనుంచి చూసి పోతామా?" తండ్రి విసుక్కున్నాడు.

రాజధానిలో వాళ్లకి ఉన్నది ఒక్క రోజు. ఏం చూడాలో, ఎక్కడ ఎంతసేపు ఉండాలో అంతా ఆయనే ఫోన్లో పెట్టుకున్నాడు. పొద్దుట రాజభవనం, తర్వాత టవర్, ఆ పైన మ్యూజియం, సాయంత్రం కోట. తల్లినీ కూతుర్నీ అడిగిన పాపాన పోలేదు.

పిల్లని ఎత్తి లోపలికి తెచ్చాడు. చిట్టి ఆరున్నొక్క రాగం అందుకుంది.

తలుపులు మూసుకోబోతుండగా, పక్కనున్న మెట్ల మీంచి ఒక పెద్దావిడ గబగబా దిగి వచ్చి లోపలికి దూరింది.

"ఏడవకు తల్లీ, నేనూ వస్తున్నాగా," అంది రొప్పుతూ.

ముక్కూ మొహం తెలియని మనిషి. తండ్రి కొంచెం ఎడంగా జరిగాడు.

సగం దూరం వెళ్లాక లిఫ్టు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. దీపం ఆరింది. ఫ్యానూ ఆగింది.

తండ్రి కనపడని బటన్లన్నీ తడిమి తడిమి నొక్కాడు. తలుపు బాదాడు.

"కంగారు పడకండి, మనుషులు వస్తున్నారు. కాస్త టైం పడుతుంది," అంది గోడలోంచి ఒక గొంతు. తర్వాత అదీ మూగబోయింది.

చిట్టి ఎగఊపిరి తీస్తోంది. తల్లి పిల్లని గట్టిగా పొదువుకుంది. గోడలు దగ్గరికి జరుగుతున్నట్టే అనిపించింది ఆమెకి.

"చిన్నతల్లీ," అంది పెద్దావిడ చీకట్లోంచి. "బయటికెళ్లాక ముందు ఏం చూద్దాం?"

చిట్టి వెక్కుతూనే జవాబు చెప్పింది. "జిరాఫీ."

"అమ్మో! దానికి గొంతునొప్పి వస్తే, మింగిన మాత్ర కిందికి దిగడానికి ఎంతసేపు పడుతుందంటావ్?"

చిట్టి ఆలోచనలో పడింది. "పొద్దున్న మింగితే... రాత్రికి."

"జూ మా ప్లాన్లో లేదండీ," తండ్రి అడ్డుతగిలాడు. "లేనిపోని ఆశలు పెట్టకండి. అసలే గాలాడక చస్తుంటే మధ్యలో మీ గోల ఒకటి."

ఆవిడ నొచ్చుకోలేదు. "పోనీ మీరు చెప్పండి బాబూ. ముందు ఏం చూస్తారు?"

"మ్యూజియం," అన్నాడు పుల్లవిరుపుగా.

"అందులో ఏది?"



"పాత గడియారాలు ఉంటాయట. మా నాన్న గడియారాలు బాగుచేసేవాడు," అన్నాడు. గొంతు కాస్త మెత్తబడింది.

"నువ్వమ్మా?"

పెళ్లయ్యాక ఆ ప్రశ్న తల్లిని ఎవరూ అడగలేదు.

"నది," అంది. "ఒడ్డున చెప్పులు విప్పేసి కూర్చోవాలి. ఏమీ చూడకుండా."

అనేశాక ఆమెకే భయమేసింది. చీకట్లో భర్త మొహం కనపడలేదు.

ఆవిడ అడుగుతూనే ఉంది. జిరాఫీ నాలుక ఏ రంగు, కోటలో రాజుగారి బట్టలు ఎవరు ఉతికేవాళ్లు, నదిలో నీళ్లు చల్లగా ఉంటాయా. ఒక్కోసారి ఆవిడ గొంతు జీరపోయేది. దగ్గి మళ్లీ మొదలుపెట్టేది.

"మామ్మా, నీ చెయ్యి చల్లగా ఉంది," అంది చిట్టి.

"నీది వెచ్చగా ఉందిగా. సరిపోయింది."

ఎట్టకేలకు పైన ఎవరో తలుపులు విడదీశారు. వెలుతురు లోపలికి పడింది. ఒక్కొక్కర్నీ చెయ్యి పట్టి పైకి లాగారు.

తండ్రి సిబ్బంది మీద విరుచుకుపడ్డాడు. పెద్దావిడ మాత్రం గోడ పట్టుకుని మెట్టు మీద కూలబడింది. బట్టలు చెమటకి తడిసి ముద్దయ్యాయి. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి.

"పిల్లకి ధైర్యం చెప్పింది గానీ, అందరికంటే ఆవిడే ఎక్కువ హడలిపోయింది," అని భార్య చెవిలో చెప్పి నవ్వాడు తండ్రి.

తల్లి ఆవిడ వైపు ఒక అడుగు వేసింది.

"ఇప్పటికే ఆలస్యమైంది, పద," అంటూ ఆయన పై మెట్ల వైపు నడిపించేశాడు.

పైనుంచి ఊరంతా చూసి, మెట్ల మీదుగానే దిగి వచ్చేసరికి గేటు దగ్గర ఒక యువకుడు ఎదురొచ్చాడు.

"లిఫ్టులో ఇరుక్కున్నది మీరేనా అండీ? పాప ఎలా ఉందో కనుక్కుని రమ్మన్నారు మా టీచరుగారు."

"బాగానే ఉంది. ఆవిడేరీ?" తల్లి ఆత్రంగా చుట్టూ చూసింది.

"మా చెల్లెలు రైల్వే స్టేషన్‌కి తీసుకెళ్లిపోయిందండీ. వణుకు తగ్గలేదు. పైకి ఎక్కనే లేదు."

"అంత భయమున్న మనిషి లిఫ్టు ఎందుకు ఎక్కినట్టు?" అన్నాడు తండ్రి.

"ఎప్పుడూ ఎక్కరండీ. తలుపు మూసిన గదిలో నిద్ర కూడా పోరు. నాతో మెట్లెక్కుతున్నవారు, పాప ఏడుపు విని వెనక్కి దిగిపోయారు."

యువకుడు టవర్ వైపు తలెత్తి చూశాడు.

"చిన్నప్పుడు మా బడి కూలిపోయిందండీ. మాతోపాటు ఆవిడా శిథిలాల కింద ఉండిపోయారు. చీకటి, కదలడానికి లేదు. రాజధానికి విహారయాత్ర తీసుకెళ్తాను, ఏం చూస్తారో చెప్పండ్రా అని అడుగుతూనే ఉన్నారు. ఏనుగులని ఒకడు, వంతెనని ఒకమ్మాయి. దెబ్బలాడుకుంటూ, నిద్రపోకుండా అలా ఉండిపోయాం. కొందరం బతికాం."

తండ్రి ఫోను జేబులో పెట్టేశాడు.

"మరి ఈ టవర్ మీరు అడిగిందా బాబూ?" అంది తల్లి నెమ్మదిగా.

యువకుడు తల అడ్డంగా ఊపాడు.

"నా పక్కనున్నవాడు అడిగాడండీ. వాడిలా బయటికి రాని పిల్లలు ఏమేం చూస్తామన్నారో, అవన్నీ వాళ్ల బదులు ఆవిడే ఒక్కొక్కటీ చూస్తూ వస్తున్నారు."