ఎడమవైపు చెంచా

"ఈ ఫోటోల వల్ల ఏదో ఒక రోజు మన పొయ్యి ఆరిపోతుందే, చూస్తూ ఉండు."

ఎల్సీ ఆ మాట అనేటప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. కూతురు లాండీ కుర్చీ ఎక్కి, బల్ల మీది కంచాన్ని ఫోనుతో ఫోటో తీస్తోంది, అంతే.

సోమవారం. మెరిదా పట్నంలో ఆ పూట ఎవరింట్లో చూసినా నల్ల బీన్సు, పందిమాంసమే. వీధి గదిలో భోజనాలు అమ్ముకునే ఎల్సీ ఇంట్లోనూ అదే. మూల మీద కొత్త హోటలు తెరిచినప్పటి నుంచి ఆమె కుండ సగానికి సగం మిగిలిపోతోంది. ఇలాగే సాగితే ఇక మూసెయ్యడమే. ఫోటోలు పెడితే జనం వస్తారని లాండీ పట్టు.

ఫోటో పెట్టిన కాసేపటికే కింద ఎవరో రాశారు. పేరు విల్బర్ట్. మొహం లేదు, ఊయల బొమ్మ ఒకటి ఉంది.

లాండీ పైకి చదివింది. "పైనుంచి తీశావేం? మేడెక్కి తింటారా ఎవరైనా? బల్బు కింద నీ బీన్సు తారు ముద్దలా ఉంది."

"ఎవడే వాడు?"

"తెలీదమ్మా."

"తెలియనివాడు ఊరికే ఎందుకు తిడతాడు? ఆ మూల హోటలువాడే తిట్టిస్తున్నాడు!"

మరుసటి సోమవారం లాండీ కుర్చీ దిగింది. కూర్చుని తినేవాడి కంటికి ఎలా కనిపిస్తుందో అలా తీసింది.

"కంచం అంచు తుడవడం మీ అమ్మ నేర్పలేదా?" అని వచ్చింది జవాబు. "కిటికీ దగ్గరికి జరుపు."

ఎల్సీ చేతిలో గరిటె జారిపడింది. "మనకు కిటికీ ఉందని వాడికెలా తెలుసే?" పరుగున వెళ్లి రెక్కలు మూసేసింది.

"అమ్మా! కిటికీ లేని ఇల్లుంటుందా? తియ్యి, వెలుతురు పోతోంది."

"పోతే పోనీ. మనం ప్రాణాలతో ఉంటే చాలు."

తల్లి పెరట్లోకి వెళ్లగానే లాండీ కిటికీ తెరిచింది. పక్కనుంచి పడిన వెలుగులో పులుసు మీది నూనె మెరిసింది. ముల్లంగి తరుగు కొరికితే కరకరమనేలా కనిపించింది.

ఆ సోమవారం కుండ ఖాళీ అయింది. పై వారం రెండో కుండ పొయ్యెక్కింది.

"చూశావా? ఆయన చెప్పినట్టు తీస్తే..."

"ఆయనట, ఆయన! జనం వచ్చింది నా చేతి వంటకు."

విల్బర్ట్ మాత్రం ఒక్కనాడూ మెచ్చుకోలేదు. "చెంచా ఎడమవైపు పెట్టు" అన్నాడు. కుడివైపు కనిపించిందంటే చాలు, ఊరంతా చూసేలా తిట్టేవాడు.

"ఎడమచేత్తో తినే దయ్యమా వీడు?" అని గొణిగింది ఎల్సీ. "పిల్లా, ఇవాళ చెంచా అన్నాడు. రేపు గుమ్మంలోకి వస్తాడు. నాకు నిద్ర పట్టడం లేదు."

ఒక సోమవారం గిరాకీ తొందరలో కంచం చల్లారిపోయింది. లాండీ తడి దూదిని వేడిచేసి కంచం వెనకాల దాచి, పొగలు కక్కుతున్నట్టు తీసింది.

"అది దూది ఆవిరి," అని పడింది వెంటనే. "చల్లారిన కూడు నాకెందుకు పెడుతున్నావు?"

దాని కింద జనం నవ్వులు మొదలెట్టారు. దూదితో వండుతారా అని ఒకడు. మాంసమైనా అసలుదేనా అని ఇంకొకడు. చెప్పిన భోజనాలు కొందరు వద్దన్నారు.

ఎల్సీ ఊగిపోయింది. "వాడికెవరు పెట్టారే? ఒక్కనాడైనా ఒక్క కంచం తెప్పించుకున్నాడా? బ్లాక్ చెయ్యి. నా కళ్ల ముందే చెయ్యి!"

లాండీ చేసింది. "ఇక బాగోలేకపోతే నాకెవరు చెప్తారమ్మా?"

"నేను లేనూ?"

ఎల్సీకి అన్ని ఫోటోలూ బాగానే కనిపించాయి. లాండీ మళ్లీ బల్బు కింద ఫోటోలకే దిగింది. రెండో కుండ పొయ్యి దిగిపోయింది. అయినా ఇల్లు ప్రశాంతంగా ఉంది కదా అనుకుంది ఎల్సీ.

నెల దాటాక ఒక సోమవారం మధ్యాహ్నం ఎవరో ఆడమనిషి వచ్చి వరుసలో నిలబడింది. తన వంతు రాగానే సంచిలోంచి పింగాణీ కంచం తీసింది.

"దోన్యా ఎల్సీగారూ, ఒక్కరికి పెట్టండి. తీసుకెళ్లాలి. ముల్లంగి విడిగా ఒక పక్కన. చెంచా ఎడమవైపు."

ఎల్సీ గరిటె గాల్లోనే ఆగింది.

"నువ్వు ఆ విల్బర్ట్ తాలూకా?"

"చెల్లెల్ని."

"వాడికి కాళ్లు లేవా, రావడానికి? సిగ్గా? మా కిటికీ మీద పడ్డాడు, మా చెంచా మీద పడ్డాడు, నలుగురిలో మా పరువు తీశాడు. ఇన్నాళ్లలో మా ఇంటి మెతుకు ఒక్కటి నోట్లో పెట్టాడా? తిని తిట్టమను, పడతాను!"

"అమ్మా, ఊరుకో," అంది లాండీ.

"ఎందుకూరుకోవాలి? చెప్పమను. ఏం కావాలి వాడికి మన దగ్గర?"

పొయ్యి మీద పులుసు పొంగి, పొర్లి, చుయ్యిమంది. ఎవరూ దించలేదు. ఎల్సీ విసురుగా వడ్డించి కంచం ముందుకు తోసింది. వచ్చినామె చేతిరుమాలు తీసి, అంచు మీద చిందిన చుక్కను తుడిచింది. చుట్టూ ఒకసారి తుడిచింది. మళ్లీ తుడిచింది.

"పక్షవాతం వచ్చాక కుడిచెయ్యి, గొంతు రెండూ పడిపోయాయమ్మా," అంది చివరికి. "మంచినీళ్లు కూడా దిగేవి కావు. ప్రతి సోమవారం నేను గొట్టంలో పాలు పోస్తుంటే, ఫోనులో మీ కంచం ఎదురుగా పెట్టించుకుని, ఎడమచెయ్యి దాని పక్కన ఆనించుకుని కూర్చునేవాడు. కిందటి నెల నుంచి అది కనిపించక, మీరు వంట మానేశారనుకున్నాడు. ఇవాళ పోయినవాళ్లకు చేసే తొమ్మిదోనాటి ప్రార్థన... అన్నయ్య ఫోటో ముందు మీ కంచం పెడదామని వచ్చాను."