ఆఖరి గారె

సూరయ్య అరుగు మీద కూర్చుని బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. హవల్దారుగా రిటైరై ఏళ్ళు గడిచినా పొద్దున్నే ఆ పని తప్పదు.

"పెళ్ళికొడుకొచ్చీ యేళకైనా ఆ బూట్లు దాసీయవా?" వంటింట్లోంచి భార్య కూర్మమ్మ అరిచింది.

"వస్తన్నది కెప్టెనే! బూట్లు సూడకపోతే ఏటి సూస్తాడు?"

"నువ్వు మాత్రం ఆయన్నెలా పోల్చుకుంటావు? ఫొటో అయినా పంపలేదు."

"అఫీసరుని పోల్చుకోడానికి ఫొటో ఎందుకే? తన మనుసులందరూ తిన్నాకే మెతుకు ముడతాడు. మంచుకొండల్లో మా సాబ్ అలగే తినీవోడు. అలాటోడికే మన గౌరిని ఇస్తాను. లేదంటే లేదు!"

బరంపురం బాడుగ జీపు వాకిట్లో ఆగింది. బుర్రమీసాల మనిషి దిగాడు.

"రండి కెప్టెన్ బాబూ!" కూర్మమ్మ ఎదురెళ్ళి లోపల కూర్చోబెట్టింది. డ్రైవరు ఎండలో జీపు దగ్గరే ఉండిపోయాడు.

గారెలు వచ్చాయి. మీసాలాయన ఒకటి తిన్నాడు. ఇంకొకటి తిన్నాడు. కూర్మమ్మ పళ్ళెం నింపుతున్నకొద్దీ ఖాళీ చేస్తున్నాడు. బయట డ్రైవరు దగ్గినప్పుడు మాత్రం ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు. మళ్ళీ గారె అందుకున్నాడు.

సూరయ్య మొహం మాడిపోయింది. వంటింట్లోకి వచ్చి పళ్ళు కొరికాడు.

"ఈడు అఫీసరేటి? ఎంట వచ్చినోడిని ఎండలో వదిలీసి గారెలు మింగుతున్నాడు. పిల్లనివ్వను!"

"ఓలమ్మో! అఫీసరుకి ఆకలెయ్యదేటి? నా గారెలు నచ్చి తింటన్నాడు, తిననీ."

గౌరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాన్నా, ఆ డ్రైవరూ ఇసిత్రంగానే ఉన్నాడు. పళ్ళెం అట్టుకెల్తే ముట్టలేదు. 'లోపలాయన కడుపు నిండిందా?' అన్నాడు. 'మీ అమ్మా నాన్నా తిన్నారా?' అన్నాడు. 'నువ్వు తిన్నావా?' అని కూడా అడిగాడు. అందరూ తిన్నాక ఒక్క గారె మిగిలితే సాలట."

ఆ చివరి మాట దగ్గర ఆమె ఎందుకో తల దించుకుంది.

సూరయ్య కిటికీలోంచి జీపు వైపు చాలాసేపు చూశాడు. చొక్కా బొత్తాలు పైదాకా పెట్టుకున్నాడు. మెరుస్తున్న బూట్లు తొడిగి, పెట్టెలోంచి పాత టోపీ తీసి తలమీద సర్దుకున్నాడు.

"ఇదేటయ్యా? ఎక్కడికి?" కూర్మమ్మ కంగారు పడింది.

సూరయ్య గడప దాటి, డ్రైవరుకి సెల్యూట్ కొట్టాడు.